సాంచల మీది కేక

సాంచలు ఆగిపోయిన మొదటి మధ్యాహ్నం నాకు జ్వరం వచ్చినట్టయింది. ఒళ్ళు వెచ్చగా లేదు, దగ్గు లేదు. కానీ కాళ్ళ కింద నేల ఊపిరి పీల్చడం మానేసినట్టుంది. లింబాయత్‌లో మా గది కార్ఖానా పైనే. పెళ్ళయి సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చిన దగ్గర్నుంచి కింద సాంచలు, అంటే కరెంటు మగ్గాలు, ఆడుతుంటేనే వండాను, తిన్నాను, నిద్రపోయాను, పిల్లను పెంచాను. స్టీలు గ్లాసు గట్టు మీద పెడితే దానంతట అదే జరిగి జరిగి అంచుదాకా పోయేది. లాక్‌డౌన్ పెట్టిన రోజు గ్లాసు పెట్టినచోటే ఉండిపోయింది. అది చూసి నాకు భయమేసింది.

నాకు భయమేయనిదంటూ లోకంలో లేదని ఊర్మిళ వాళ్ళ బాపు అంటాడు. ఊర్మిళ మా ఒక్కగానొక్క బిడ్డ, అప్పుడు బీకాం చదువుతోంది. వాళ్ళ బాపు అంటే మా ఆయన. మా వైపు ఆడవాళ్ళం మొగుణ్ణి పేరు పెట్టి పిలవం, రాయాలన్నా నాకు చెయ్యి ఆడదు. రోజూ మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పట్టుకుని మెట్లు దిగి, కార్ఖానా గుమ్మంలో నిలబడి “ఊర్మిళ బాపూ…” అని కేకేసేదాన్ని. అన్ని సాంచల చప్పుడు మీదా ఆ కేక పోవాలి. పోయేది. చివరి వరసలో ఆయన చెయ్యి పైకి లేచేది. సాంచల నడుమ మాట వినబడదు కాబట్టి అక్కడ మగ్గం మనుషులంతా చేతులతోనే మాట్లాడుకుంటారు. రెండు వేళ్ళు విడదీసి మళ్ళీ దగ్గరికి చేరిస్తే, పోగు తెగింది, అతికి వస్తున్నానని అర్థం. ఏళ్ళ తరబడి ఆ చప్పుడులో ఉండి ఆయనకు చెవులు సగం పోయాయి. ఇంట్లో కూడా ముందు చేతులు కదిలేవి, మాట తరువాత వచ్చేది.

ఆ ఎండాకాలం మా గల్లీలో సగం ఇళ్ళకు తాళాలు పడ్డాయి. దొరికిన బండి ఎక్కి ఊళ్ళకు పోయారు. మేం పోలేదు. బండిలో ఎవరు దగ్గుతారోనని నేనే వద్దన్నాను. వద్దన్న తరువాత, ఉండిపోయి తప్పు చేశామేమోనని రోజూ ఏడ్చాను. సేటు మాత్రం సంతోషపడి, కార్ఖానా తాళంచెవి మా ఆయన చేతికిచ్చి, సాంచలకు జంగు పట్టకుండా నూనె పెడుతుండమన్నాడు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం చీరలకు రాళ్ళు అతికిస్తూ కూర్చున్నాను. కింద నుంచి చప్పుడు మొదలైంది. ధడ్ ధడ్ ధడ్. ముందు ప్రాణం లేచొచ్చింది. గట్టు మీద గ్లాసు కూడా కొంచెం అదిరింది. ఆ వెంటనే లాక్‌డౌన్ గుర్తొచ్చింది. ఎవరో సాంచా నడుపుతున్నారు. అదీ తిన్నగా నడవడం లేదు. అడ్డపోగు మోసే నాడెను తోసే కట్టె విరిగినప్పుడు సాంచా పిచ్చిపట్టినట్టు కొట్టుకుంటుంది చూడండి, అట్లా ఉంది. మా ఆయన నా పక్కనే చాప మీద నిద్రపోతున్నాడు. మరి నడిపేదెవరు? పోలీసులు వింటే పట్టుకుపోయేది తాళంచెవి ఉన్నవాణ్ణే కదా. ఆయన్ను లేపితే ఆలస్యమవుతుందని చెప్పులు కూడా లేకుండా మెట్లు దిగి ఉరికాను. సాంచా ఆపాలంటే పక్కనున్న హ్యాండిల్ లాగాలి, అంతవరకు నాకు తెలుసు.

లోపల సాంచలన్నీ బట్ట కప్పుకుని నిలబడి ఉన్నాయి. ఒక్కటీ ఆడడం లేదు. వెనక, నూలు పెట్టెలు పెట్టే చోట మా ఊర్మిళ ఉంది. పై అంతస్తులో ఉండే మరాఠీ పిల్ల వైశాలి రంగు డ్రమ్ములు బోర్లించుకుని, సాంచల్లోంచి విరిగి పడేసిన ఆ నాడె తోసే కట్టెలతోనే వాటిని చావబాదుతోంది. పక్క గల్లీ నజ్మా చేతిలో గిటారు. దాని వైరు ఒక చిన్న పెట్టెలోకి పోయింది. ఆ పెట్టెలోంచి వచ్చే చప్పుడు రేకు చింపినట్టుంది. నడుమ నా బిడ్డ కళ్ళు మూసుకుని, మెడ నరాలు తేలి, అరుస్తోంది. ఎవరో చంపుతుంటే అరిచినట్టే అరుస్తోంది. నేను హ్యాండిల్ కోసం చాచిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది, ఎందుకంటే ఆ అరుపులో మాటలు నాకు తెలిసినవి.

ఎటు వోతున్నవ్? ఎవలతోని? ఎప్పుడొస్తవ్?
దుప్పట ఏది? దుప్పట ఏది?
గట్టిగ నవ్వకు. కిటికి తియ్యకు.
ఫోన్ లేపు! ఫోన్ లేపు! ఫోన్ లేపు!

తరువాత వైశాలి అదే మాట మరాఠీలో అంది, నజ్మా హిందీలో అంది. ఎటు పోతున్నావ్, ఎటు పోతున్నావ్. మూడు గొంతులూ కలిసి ఒక్కసారి అరిచి, టక్కున ఆగిపోయాయి. పొయ్యి మీద పాలు పొంగేంత సేపు కూడా పట్టలేదు ఆ పాట.

వైశాలే ముందు నన్ను చూసింది. చూసి కట్టెలు వెనక్కి దాచుకుంది.

“నన్నే పాట కట్టి ఎక్కిరిస్తున్నవా?” అన్నాను.

“ఎక్కిరిస్తలేనమ్మా,” అంది ఊర్మిళ. “నువ్వు పొద్దుకు ఎన్నిసార్లు చెప్తవో, అన్నీ నా గొంతుల ఇరికినయ్. బయటికి తీస్తున్న, అంతే.”

“నేను నీ మంచికే చెప్తి గదనే.”

“షేర్ ఆటోల ఒకడు చెయ్యేసిన నాడు గూడ నువ్వు దుప్పట ఏదనే అడిగినవ్.”

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను కూడా ఏదో ఒకటి అనేదాన్ని. ఇంటికి పదమని మాత్రం అన్నాను. మెట్లెక్కుతుంటే కాలు కాలుతోందని అప్పుడు తెలిసింది.

ఇంటికొచ్చి మా ఆయన్ను లేపాను. తాళంచెవి ఆయనే ఇచ్చాడట. ఎందుకిచ్చావంటే నవ్వాడు. “సప్పుడు లేక సాంచలు బుగులు పడ్తున్నయే. జర వాళ్ళ సప్పుడన్న విననియ్.”

ఆ సాయంత్రం ఊర్మిళ నా పక్కన కూర్చుని, నేనిచ్చిన చీరకు రాళ్ళు అతికిస్తూ చెప్పింది. దాన్ని పంక్ అంటారట, అందులోనూ గట్టిది, హార్డ్‌కోర్. పాట పొట్టిగా, వేగంగా, ఉన్నదున్నట్టు ఉండాలట. ఆ కచేరీల్లో మగపిల్లలు తోసుకుంటూ ముందుకు పోతుంటే, ఆడపిల్లలు ముందుకు రావాలని పిలిచి, వాళ్ళకోసమే పాడే బ్యాండ్లు దేశదేశాల్లో ఉన్నాయట. వీళ్ళ బ్యాండు పేరు ఖటారా. పాత డొక్కు బండిని ఇక్కడ అట్లాగే అంటారు. ఇంతకన్నా మంచి పేరు దొరకలేదా అన్నాను. మా సామాను చూసినవు గదమ్మా అంది. నేను విన్న పాట పేరు ‘బుగులు’. భయానికి మా వైపు మాట.

“అంటే నేనా?”

“నువ్వే. నజ్మా వాళ్ళమ్మ గూడ. వైశాలి వాళ్ళ ఆయి గూడ.”

వర్షాలు మొదలయ్యే ముందు ఒక ఆదివారం ఫోన్లో కచేరీ ఉందట. ఎక్కడెక్కడి ఆడపిల్లలో ఎవరి చోట వాళ్ళుండి పాడతారట, అందరూ ఎవరి ఇంట్లో వాళ్ళు చూస్తారట. ఖటారాకు ఒక్క పాట ఇచ్చారు. ఊర్మిళ ఈ సంగతి చెప్పేటప్పుడు చేతిలో రాయి అతికించడం మరచిపోయింది. చిన్నప్పుడు గాలిపటం కొనివ్వమని అడిగినప్పటి మొహం అది. వద్దనడానికి నోరు తెరిచాను. తెరిచిన నోటితో, జిగురు చేతికంటుకుంటది చూసుకో అన్నాను.

అట్లా నేను కూడా దొంగల్లో కలిసిపోయాను. రోజూ మధ్యాహ్నం వాళ్ళు కింద వాయించుకుంటుంటే నేను గల్లీ మలుపులో కొత్తిమీర కోసం వచ్చినట్టు నిలబడి పోలీసుల కోసం చూసేదాన్ని. ఎదురింటి పద్మారాణి మా ఊరి పక్కదే. గల్లీలో ఎవరింట్లో ఏం ఉడుకుతుందో మూత తీయకుండా చెప్పగలదు. ఏం చప్పుడు వదినె అది అని అడిగితే, జంగు పట్టకుండా సాంచా ఉత్తగా తిప్పుతున్నారని చెప్పాను. “సాంచా తిప్పితే ఆడపిల్ల ఏడ్చినట్టు ఇనబడ్తదా?” అంది. నూనె లేక వదినె అన్నాను.

కచేరీ ఇంకా కొన్ని రోజులుందనగా ఊర్మిళ గొంతు పోయింది. పొద్దున్నే లేచి అమ్మా అనబోతే గాలి తప్ప ఏమీ రాలేదు.

ఆ రోజుల్లో అట్లాంటిది బయటికి తెలిస్తే ఏమవుతుందో గల్లీలో అందరికీ తెలుసు. కార్పొరేషన్ బండి వచ్చేది. మనిషిని ఎక్కించుకుని పోయేది, ఇంటికి రేకులు కొట్టేవాళ్ళు. వెనక గల్లీలోంచి అట్లా తీసుకుపోయిన ముసలాయన మళ్ళీ రాలేదు. నా బిడ్డను నలుగురు తెల్ల బట్టలవాళ్ళు ఎక్కించుకుని పోతుంటే నేను రేకుల వెనక నుంచి చూస్తున్నట్టు, పగలే, కళ్ళు తెరిచే కల వచ్చేది. ఊర్మిళను లోపలి మూల కూర్చోబెట్టాను. ఉప్పునీళ్ళు, మిరియాల పాలు, పసుపు ఆవిరి. వాసన తెలియకపోతే అదేనని ఫోన్లలో చెప్తున్నారు కదా, గడియకోసారి ఏదో ఒకటి ముక్కు దగ్గర పెట్టేదాన్ని. మామిడికాయ తొక్కు, అగరుబత్తి, కిరసనాయిలు. చివరికి వాళ్ళ బాపు బనీను పెట్టాను. ఊర్మిళ మొహం తిప్పుకుని, ముక్కు మూసుకుని, గొంతు లేకుండా పడీపడీ నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు కొంచెం ఊపిరాడింది.

పద్మారాణి రానే వచ్చింది. గుమ్మంలోంచే మెడ చాచి, పిల్ల మాట వినబడటం లేదేమని అడిగింది. నోటికొచ్చింది చెప్పాను, మౌనవ్రతం పట్టిందని.

“నీ బిడ్డ మౌనమా?” అంది పద్మారాణి. “అయితే కరోనా గాదు వదినె, లోకమే మునుగుతది.”

అయినా పోయి ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం గుమ్మంలో ఒక సీసాతో తేనె పెట్టి పోయింది.

జ్వరం రాలేదు. వాసనలన్నీ తెలుస్తున్నాయి. నజ్మా ఫోన్లో ఒక డాక్టరమ్మకు చూపిస్తే, ఇది అరిచి అరిచి పుండుపడ్డ గొంతు, మాట్లాడకుండా ఉంటే మానుతుందని చెప్పిందట. బండి భయం పోయింది. ఇంకో భయం వచ్చి ఆ చోట కూర్చుంది. గొంతు ఇట్లాగే ఉండిపోతే?

ఆ మౌనం రోజుల్లో ఒకటి జరిగింది. ఊర్మిళ చేతులతో మాట్లాడటం మొదలుపెట్టింది. సాంచల చేతిమాటలు చిన్నప్పటి నుంచి చూసిందే, ఎప్పుడూ వాడింది లేదు, బయట పిల్లలు నవ్వుతారని. ఇప్పుడు అన్నం కావాలన్నా, ఫ్యాను వెయ్యమన్నా చేతులే. వాళ్ళ బాపు మొహం వెలిగిపోయింది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని గడగడా చేతులు తిప్పేవాళ్ళు. ఆయన అన్నన్ని కబుర్లు చెప్పడం నేనెప్పుడూ చూడలేదు. సేటు కడుపు మీద ఏదో జోకు కూడా చెప్పాడు, ఊర్మిళ చాప మీద దొర్లింది.

నేను పక్కన కూర్చుని, “నీ గొంతు ఎప్పుడొస్తదే బిడ్డా?” అన్నాను. కళ్ళలో నీళ్ళు ఆగలేదు. ఊర్మిళ నా మొహం ముందు రెండు వేళ్ళు విడదీసి, మెల్లగా దగ్గరికి చేర్చింది. పోగు తెగింది, అతికి వస్తున్నా.

గొంతు వచ్చింది. సన్నగా, కొత్తగా. కానీ అంతలోనే కార్ఖానాలు తెరవమన్నారు. సేటు ఉన్న కొద్దిమందినీ పిలిచి, పోయిన రోజులన్నీ రాబట్టాలని ఆదివారం కూడా సాంచలు ఆడించమన్నాడు. మా గట్టు మీద గ్లాసు మళ్ళీ నడక మొదలుపెట్టింది. నేను అందరు దేవుళ్ళకూ దండం పెట్టుకున్నాను. పిల్లలు మాత్రం కింద మెట్ల మీద వరసగా కూర్చున్నారు, ఎవరో పోయినట్టు. కచేరీ రెండు రోజుల్లో ఉంది. గిటారు పెట్టె కార్ఖానా నుంచి కదిలిస్తే పెట్టుకోవడానికి ఇంకో చోటు లేదు. ఉన్న చోట సాంచల చప్పుడు. ఆ చప్పుడు మీద అరిస్తే మానిన గొంతు మళ్ళీ పగులుతుంది.

ఇంకేముంది, నేను కోరుకున్నదే కదా. ఎవరి మీదా మాట పడకుండా దానంతట అదే ఆగిపోతోంది. టిఫిన్ డబ్బా పట్టుకుని వాళ్ళను దాటుకుని దిగాను. గుమ్మంలో నిలబడ్డాను. “ఊర్మిళ బాపూ…” చివరి వరసలో చెయ్యి లేచింది.

వెనక్కి తిరిగితే ముగ్గురూ నన్నే చూస్తున్నారు.

“అమ్మా, మళ్ళోసారి పిలువు,” అంది ఊర్మిళ.

“వస్తున్నడు గదనే. మళ్ళెందుకు?”

“అన్ని సాంచల మీద ఎట్ల పోతది నీ కేక? నీకు గొంతు నొస్తలేదా?”

నేనెప్పుడూ ఆలోచించలేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నొప్పి పుట్టలేదు. డబ్బా కింద పెట్టి, మళ్ళీ ఒకసారి మనసులోనే పిలుచుకుని చూసుకున్నాను, ఎక్కడి నుంచి వస్తుందోనని. తెలిసింది. తెలిసి నాకే సిగ్గేసింది.

“బుగులైతే నీకు ఏడ అయితదే?” అని అడిగాను.

ఊర్మిళ గొంతు మీద చెయ్యి పెట్టుకుంది.

“అందుకే పుండువడ్డది. నాకు గాడ గాదు.” దాని చెయ్యి తీసుకుని నా బొడ్డు మీద, పక్కటెముకల కింద పెట్టుకున్నాను. “ఈడ. పొద్దంతా ఈడనే ఉంటది, రాయి లెక్క. ఆడికెల్లి పిలువాలె. గొంతు ఉత్త దర్వాజనే. తెరిచి పక్కకు జరగాలె, అంతే.”

మళ్ళీ కేకేసి చూపించాను. నా పొట్ట గట్టిపడటం దాని అరచేతికి తెలిసింది. కళ్ళు పెద్దవి చేసి మిగతా ఇద్దరి వైపు చూసింది. తరువాత నజ్మా వచ్చి చెయ్యి పెట్టింది, వైశాలి వచ్చింది. ఆంటీ ఇంకోసారి, ఆంటీ ఇంకోసారి. ఆ తరువాత ఒక్కొక్కరు తమ పొట్ట మీద చెయ్యి పెట్టుకుని గుమ్మంలో నిలబడి కేకేశారు. వేరే మాట తోచక నా మాటే. ఊర్మిళ బాపూ, ఊర్మిళ బాపూ. మొదట పిల్లి కూతలు. మెల్లమెల్లగా బరువెక్కాయి. లోపల మా ఆయన ప్రతిసారీ చెయ్యెత్తి ఎత్తి, ఇక విసిగి, సాంచా పక్కవాడికి అప్పగించి గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాడు. ఎదురింటి మెట్ల మీదికి పద్మారాణి వచ్చింది.

“ఏందే వదినె,” అంది మా ఆయన వైపు చూసి, “లక్ష్మీరాజమన్నకు ఎంతమంది బిడ్డలే?”

ఆదివారం మధ్యాహ్నం నూలు పెట్టెల వెనక నజ్మా ఫోన్ నిలబెట్టింది. ఫోన్లో చిన్న చిన్న గళ్ళు, గడికొక మొహం. ఎవరిదో వంటిల్లు, ఎవరిదో మంచం, ఒకామె ఒళ్ళో పాపను పడుకోబెట్టుకుంది. అంతమంది నా బిడ్డను చూస్తున్నారంటే చేతిలో టిఫిన్ డబ్బా గట్టిగా పట్టుకున్నాను. పెట్టె వైరు షాకు కొడుతుందేమో, సేటు ఇప్పుడే వస్తాడేమో, రేపు కాలేజీలో ఎవడైనా ఏమైనా అంటాడేమో. వెనక సాంచలన్నీ ఆడుతున్నాయి. వాటిని ఆపే వీల్లేదు కాబట్టి వైశాలి వాటి దెబ్బ పట్టుకునే డ్రమ్ము కొడతానంది. సాంచా లయలోంచి తన దెబ్బ మొదలుపెట్టి, దాన్ని తరుముకుంటూ పోయింది. ఆ రోజు విరిగిన సాంచా అనుకున్నదే ఈ రోజు తిన్నగా వినిపించింది నాకు.

ఊర్మిళ పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. ఎటు వోతున్నవ్, అంది.

మెడ నరాలు తేలలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. కానీ ఆ మాట నా మీదికి వచ్చి తగిలింది. నా మాటే, నా చోటి నుంచే. ఎవలతోని, ఎప్పుడొస్తవ్. దుప్పట ఏది. ఫోన్ గళ్ళలో ఒళ్ళో పాపను పెట్టుకున్నామె పెదాలు కదులుతున్నాయి. ఆమెది ఏ భాషో నాకు తెలియదు. ఇంకో గడిలో ఒక పిల్ల తల ఊపుతూ ఏడుస్తోంది, లేక నవ్వుతోంది.

పాట ఆగే చోట ఆగింది. డ్రమ్ము ఆగింది, గిటారు ఆగింది. సాంచలు మాత్రం ఆడుతున్నాయి. అయిపోయిందనుకుని నేను చెమట తుడుచుకుంటుంటే ఊర్మిళ నా వైపు తిరిగి, సాంచల చేతిమాటలో రమ్మంది. నేను తల అడ్డంగా ఊపాను. మళ్ళీ రమ్మంది. డబ్బా నా చేతిలోనే ఉంది, ఆయన ఇంకా తినలేదు, ఎట్లాగూ పిలవాల్సిందే కదా అనుకున్నాను. రెండడుగులు ముందుకు వేశాను. ఆ పక్కనే ఫోన్ ఉందని తెలుసు. ఎప్పుడూ ఉండే రాయి పొట్టలో అట్లాగే ఉంది. గొంతు తెరిచి పక్కకు జరిగాను.

“ఊర్మిళ బాపూ…”

చివరి వరసలో, అందరి సాంచల అవతల, ఆయనకు పాట వినబడలేదు, ఫోన్ కనబడలేదు. వంగి పని చేసుకుంటున్నవాడు వంగినట్టే ఉండి చెయ్యెత్తాడు. రెండు వేళ్ళు విడదీసి, దగ్గరికి చేర్చాడు.